అన్యేహో టెకీలాతో మార్గరీటా కలపొచ్చా? కలిపి చూశాను

ముందే చెప్పేస్తాను, పీపాలో బాగా ముదిరిన ఖరీదైన టెకీలా, అంటే అన్యేహో సీసా చేతికొచ్చింది కదా అని ఆ ఊపులో మామూలు కొలతలతో, నిమ్మరసం పోసి చేసే మార్గరీటా కాక్‌టెయిల్ కలిపేయకండి. నేను తగుదునమ్మా అని కలిపాను. మొదటి గుక్క గొంతు దిగకముందే ఎక్కడో తేడా కొట్టిందని తెలిసిపోయింది.

సీసా కానుకగా వచ్చింది. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు, నాది. ఏమీ కలపకుండా నీట్‌గా తాగితే అద్భుతంగా ఉంది. మూత తీయగానే వెనిల్లా, కాస్త మాడిన చక్కెర, వాటి వెనకాల కాల్చిన చిలగడదుంప లాంటి తియ్యటి వాసన, మింగాక నాలుక చివర మిరియాల చురుకు. ఆ చిలగడదుంప వాసన అగావేది, అంటే టెకీలా తీసే ఆ నీలి కిత్తలి మొక్కది. ముదరడానికి ఆరేడేళ్లు తీసుకునే ఆ మొక్క ఆకులన్నీ చెక్కేసి, మధ్యలో మిగిలే మొద్దుని ఉడికించి, పిండి, పులియబెట్టి, బట్టీ పెడతారు. వెనిల్లా, మాడిన చక్కెర మాత్రం చాలావరకు పీపా ఇచ్చినవి. ఒట్టిగానే ఇంత బాగుంటే మార్గరీటాలో ఇంకెంత బాగుంటుందో అనుకున్నాను చూడండి, అక్కడే బోల్తా పడ్డాను.

మొదటి రాత్రి పద్ధతిగానే చేశాను. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం వాళ్ల కొలత: 50 మి.లీ. టెకీలా, 20 మి.లీ. ట్రిపుల్ సెక్ (నారింజ తొక్కలతో చేసే తియ్యటి లిక్యూర్), 15 మి.లీ. తాజా నిమ్మరసం. ఐస్ వేసి షేక్ చేసి, ఉప్పు అద్దిన గ్లాసులోకి వడకట్టాను. నిమ్మ పులుపు ముందుకొచ్చి వెనిల్లాని తొక్కేసింది. మిగిలింది చెక్క చేదు ఒక్కటే. చిన్నప్పుడు పరీక్షలో ఏం రాయాలో తోచక పెన్సిల్ వెనక భాగం కొరుకుతాం చూడండి, అచ్చం ఆ రుచి. సగం గ్లాసు అయ్యేసరికి ఐస్ నీళ్లు కలిసి ఆ పెన్సిల్ కూడా తడిసిన పెన్సిల్ అయింది.

ఎందుకిలా అయిందో ఆలోచిస్తే పెద్ద చిక్కుముడేం కాదు. పీపాలో ఎంతకాలం ఉందన్నదాన్ని బట్టే టెకీలా రకాలు. బ్లాంకో పీపాలో ఉండదు, ఉన్నా రెండు నెలల లోపే. రెపొసాడో రెండు నెలల నుంచి ఏడాది లోపు. అన్యేహో అయితే 600 లీటర్లకి మించని ఓక్ పీపాలో కనీసం ఏడాది ఉండాలి. మూడేళ్లు దాటితే ఎక్స్‌ట్రా అన్యేహో, ఈ చివరి రకానికి మెక్సికోలో విడిగా పేరు పెట్టింది 2006లోనే. ఎక్కువ మంది వాడేవి అప్పటికే బర్బన్ విస్కీ దాచిన పీపాలు. ఓక్ చెక్క వెనిల్లా వాసన ఇస్తుంది, దాంతోపాటు నోరు పిడచకట్టించే వగరు కూడా ఇస్తుంది. నీట్‌గా తాగినప్పుడు ఆ వగరు తీపి వెనకాల దాక్కుంటుంది. నిమ్మరసం పడగానే బయటికొచ్చేస్తుంది. దానికి తోడు ట్రిపుల్ సెక్‌లో నారింజ తొక్కల చేదు ఉండనే ఉంది. పైగా షేక్ చేసిన డ్రింక్ బాగా చల్లగా ఉంటుంది, ఆ చలికి సున్నితమైన వాసనలు పైకి లేవవు. ఏడాది పైగా పీపాలో కూర్చుని సంపాదించుకున్నదంతా ఐస్ ముక్కల కింద సమాధి.

రెండో రాత్రి టామీస్ మార్గరీటా. 1990 ప్రాంతంలో శాన్ ఫ్రాన్సిస్కోలోని టామీస్ అనే మెక్సికన్ రెస్టారెంట్‌లో హూలియో బెర్మెహో ట్రిపుల్ సెక్ తీసేసి దాని బదులు అగావే పాకం పోశాడు, అప్పట్నుంచి దీనికి ఆ పేరే ఉండిపోయింది. పుట్టిన మొక్క తీపినే మళ్లీ కలుపుతున్నాం కాబట్టి టెకీలాతో గొడవ పడదు. నా కొలత: 60 మి.లీ. అన్యేహో, 20 మి.లీ. నిమ్మరసం, 15 మి.లీ. పాకం. పాకాన్ని నేరుగా షేకర్‌లో పోస్తే చలికి గట్టిపడి అడుగున అతుక్కుపోతుంది. నాకు మొదటిసారి అదే జరిగింది, గ్లాసులోకి పుల్లటి మందు వచ్చింది, తీపంతా షేకర్ అడుగున మెరుస్తూ కూర్చుంది. అందుకని పాకానికి సమానంగా గోరువెచ్చని నీళ్లు కలిపి, చల్లారాక ఆ మిశ్రమం నుంచి 15 మి.లీ. తీసుకోండి. ఈసారి చాలా నయం. వెనిల్లా తిరిగొచ్చింది, చెక్క చేదు వెనక్కి తగ్గింది. ఉప్పు గ్లాసు అంచంతా కాకుండా సగం అంచుకే, అదీ బయటివైపే అద్దాను, లోపలికి అద్దితే డ్రింక్‌లో రాలి సముద్రం తాగినట్టు ఉంటుంది. షేకర్‌లో ఒక చిటికెడు వేస్తే మాత్రం చేదు ఇంకాస్త అణిగింది, ఇది నాకు అనుకోకుండా దొరికిన లాభం.

నిమ్మకాయని అప్పటికప్పుడే పిండండి, మరీ గట్టిగా నలపకండి, తెల్ల పొర చేదు దిగుతుంది. సీసాలో అమ్మే నిమ్మరసమైతే ఇంత మంచి టెకీలా తీయడం దండగ.

మూడో రాత్రి అన్యేహో పక్కన పెట్టి రెపొసాడో తెచ్చాను. ట్రిపుల్ సెక్ బదులు గ్రాన్ మార్నియే. ఇది కోన్యాక్ అనే ఫ్రెంచ్ బ్రాందీతో చేసిన నారింజ లిక్యూర్, అంటే దానికీ ఓక్ పీపా వాసన ఉంటుంది, టెకీలాతో చుట్టరికం కుదురుతుంది. ఈ జోడీని బార్లలో కాడిలాక్ మార్గరీటా అంటారు. రెపొసాడో 50, గ్రాన్ మార్నియే 20, నిమ్మరసం 20 మి.లీ. కొలతలో పన్నెండు సెకన్లు గట్టిగా షేక్ చేశాను. ఇదీ మార్గరీటా అంటే! పులుపు పులుపులా, అగావే అగావేలా, చివర్లో లీలగా వెనిల్లా. ఎవరూ ఎవరినీ తొక్కలేదు.

కొనేటప్పుడు ఒక్క మాట. సీసా మీద 100 శాతం అగావే అని ఉందా లేదా చూడండి. ఆ మాట లేకపోతే అందులోని చక్కెరల్లో 51 శాతం అగావేవైతే చాలు, మిగతావి చెరకువో మరోటో. నోమ్ అని నాలుగంకెల నంబరు కూడా ఉంటుంది, అది ఏ డిస్టిలరీలో తయారైందో చెబుతుంది, రెండు వేర్వేరు పేర్ల సీసాల మీద ఒకే నంబరు కనిపిస్తే రెండూ ఒకే చోట తయారైనట్టు. రంగు ముదురుగా ఉంటే వయసు ఎక్కువని మాత్రం అనుకోకండి. క్యారమెల్, ఓక్ సారం, గ్లిజరిన్, చక్కెర పాకం లాంటివి బరువులో ఒక శాతం దాకా కలపడానికి నిబంధనలే ఒప్పుకుంటాయి. నేనూ మొదట రంగు చూసే మురిసిపోయాను.

ఎక్స్‌ట్రా అన్యేహోతో ప్రయత్నించలేదు, ప్రయత్నించను కూడా. బూడిదలో పన్నీరు పోయడానికి కూడా ఒక హద్దుంటుంది. ఐస్‌తో కలిపి మిక్సీలో తిప్పే రకం మార్గరీటాకైతే బ్లాంకో చాలు. డల్లస్‌లో మరియానో మార్టినెజ్ 1971లో ఐస్‌క్రీమ్ మెషీన్‌ని మార్చి దానికోసం ఓ యంత్రమే చేశాడు, అదిప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది, కానీ అంత చల్లదనంలో పీపా వయసు ఎవరికి తెలుస్తుంది?

నా మార్కులు: నీట్‌గా అన్యేహోకి ఐదుకి నాలుగున్నర, మామూలు మార్గరీటాలో ఒకటిన్నర, టామీస్‌లో మూడు.

అనుమానం తీరక చివరికి స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, ఒక గ్లాసులో అన్యేహో, ఇంకో గ్లాసులో రెపొసాడో, రెండూ టామీస్ కొలతలోనే కలిపి, కళ్లు మూయించి ఇచ్చాను. రెండూ చప్పరించి "ఖరీదైంది ఏదిరా?" అని నన్నే అడిగాడు. ఇంకో గ్లాసు ఏది కలపమంటావంటే రెపొసాడో వైపు చెయ్యి చూపించాడు. అన్యేహో గ్లాసు నేనే ఖాళీ చేశాను, పారబోయడానికి మనసొప్పలేదు.