కూలెంట్ తగ్గుతోందా, ఆయిల్ తాగుతోందా: ప్రెషర్ టెస్టర్, బ్లాక్ టెస్టర్ ఏడేళ్లు వాడిన అనుభవం

నా పెట్రోల్ కారు వయసు 12 ఏళ్లు. అందులో 7 ఏళ్లుగా దాని డిక్కీలో ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటోంది. కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్, బ్లాక్ టెస్టర్, బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ చెప్పే అంకెలు, కోడ్‌లు చదివేది), యూవీ టార్చ్, దూరం నుంచి వేడి కొలిచే థర్మామీటర్, వీటితో పాటు ఒక నోటుబుక్కు. నేను మెకానిక్‌ని కాను. నా కారు, ఇంట్లోవాళ్ల కార్లు, అడిగిన స్నేహితుల కార్లు కలిపి ఇప్పటికి 20 బళ్ల మీదైనా వీటిని వాడి ఉంటాను. ఏది నిజం చెప్పిందో, ఏది తప్పుదారి పట్టించిందో రాస్తున్నాను.

ఈ పెట్టె కొనడానికి కారణం ఒక్క మాట. "హెడ్ గాస్కెట్ పోయింది." హెడ్ అంటే ఇంజిన్ పైభాగం; దానికీ కింది భాగానికీ మధ్య ఆయిల్, కూలెంట్, సిలిండర్ గాలి ఒకదానిలో ఒకటి కలవకుండా ఆపే పల్చటి పొరే హెడ్ గాస్కెట్. అప్పట్లో కూలెంట్ బాటిల్‌లో మట్టం పది రోజులకి అర అంగుళం చొప్పున తగ్గేది. నేల మీద ఒక్క చుక్క కూడా కనిపించేది కాదు. ఒక వర్క్‌షాప్‌లో ఆయిల్ పోసే మూత తీసి, లోపల అంటుకున్న మీగడలాంటి పదార్థం చూపించారు. నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయి, హెడ్ దించాల్సిందే అన్నారు. బండి హీటెక్కడం లేదు, సైలెన్సర్ నుంచి తెల్లపొగ లేదు, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ శుభ్రంగా ఉంది. ఏదైనా టెస్ట్ చేసి చూద్దామా అని అడిగితే, చూస్తేనే తెలుస్తోంది కదా అన్నారు. రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మూడో రోజు ప్రెషర్ టెస్టర్ తెప్పించుకున్నాను.

ఇది చూడటానికి సైకిల్ పంపుకి గేజ్ బిగించినట్టు ఉంటుంది. రేడియేటర్ మూత లేదా కూలెంట్ బాటిల్ మూత తీసి, ఆ స్థానంలో సరిపోయే అడాప్టర్ బిగించి, చేత్తో గాలి కొట్టాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి ఇంజిన్ మూత తిప్పితే మరిగే కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది, ఇందులో తొందర అస్సలు పనికిరాదు. నా మూత మీద 1.1 బార్ (ఒత్తిడి కొలమానం) అని ఉంది, అంతవరకే కొట్టాను. పది నిమిషాల్లో ముల్లు 0.8కి దిగింది. అంటే గాలి ఎక్కడినుంచో పోతోంది. టార్చ్ వేసి వెతికితే వాటర్ పంప్ అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర గులాబీ రంగు చుక్క ఒకటి మెల్లగా ఊరుతోంది. పంప్ లోపలి సీల్ అరిగితే ఆ సంగతి బయటికి తెలియడానికే ఆ రంధ్రం పెడతారు. బండి నడుస్తున్నప్పుడు ఆ చుక్క వేడికి ఆవిరైపోయేది, మిగిలింది ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ కవర్‌లో పడి ఎండిపోయేది. అందుకే నేల మీద మరక లేదు.

పంప్ మార్చాక మట్టం కదల్లేదు. మరి ఆ మీగడ? నేను రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే నడిపేవాడిని. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తే లోపలి తేమ ఆవిరై పోలేక, అన్నిటికన్నా చల్లగా ఉండే మూత దగ్గర చేరి ఆయిల్‌తో కలిసి తెల్లబడుతుంది. గంటసేపు హైవే మీద నడిపి వచ్చాక అది చాలావరకు పోయింది. డిప్‌స్టిక్ కూడా పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే అది వేరే సంగతి, అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. మూత కింది మీగడ ఒక్కదాన్నే చూసి హెడ్ దించమనేవాళ్లను ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ గాస్కెట్ బాగానే ఉంది.

ఈ టెస్టర్‌లో నాకు నచ్చిన ఇంకో పని, మూతనే పరీక్షించడం. కూలింగ్ సిస్టమ్‌లో ఒత్తిడి నిలబడితేనే కూలెంట్ మరిగే వేడి పెరుగుతుంది. సగం నీళ్లు, సగం గ్లైకాల్ ఉన్న కూలెంట్ మామూలు గాలి ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒక బార్ ఒత్తిడి తోడైతే 125 దాటుతుంది. మూడో ఏట ఒక ఘాట్ ఎక్కుతుంటే కూలెంట్ బాటిల్‌లోంచి పొంగి పోయింది. రేడియేటర్ మీదే అందరికీ అనుమానం వచ్చింది. మూతని టెస్టర్‌కి బిగించి చూస్తే 0.4 బార్ దగ్గరే వదిలేస్తోంది. మూత మార్చడంతో సమస్య తీరింది. అదే మూతలో గాలి వెనక్కి పీల్చుకునే చిన్న వాల్వ్ కూడా ఉంటుంది. అది ఇరుక్కుపోతే బండి చల్లారాక పైన ఉండే పెద్ద హోస్ పీల్చేసినట్టు లోపలికి నొక్కుకుపోతుంది. ఉదయాన్నే బానెట్ ఎత్తి ఒకసారి హోస్ చూస్తే చాలు, దీనికి పరికరం అక్కర్లేదు.

దీని లోపాలూ చెప్పాలి. అడాప్టర్ల విషయంలో జాగ్రత్త పడండి. కూలెంట్ బాటిల్ మూతల మరలు కంపెనీకో రకంగా ఉంటాయి, పెట్టెలో డజను ఇచ్చినా మీ బండిది ఉండకపోవచ్చు. నాలుగో ఏట అడాప్టర్ రబ్బరు గట్టిపడి అక్కడే గాలి పోవడం మొదలైంది. ఆ సంగతి తెలియక బావమరిది కారులో లేని లీక్ కోసం ఒక పూటంతా వెతికాం. అప్పటినుంచి ముందు సబ్బునీళ్లు కలిపి అడాప్టర్ అంచుకి రాసి, బుడగలు రావడం లేదని చూసుకున్నాకే మిగతా పని. ఇంకొకటి, కొన్ని లీకులు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. క్లిప్, హోస్ రెండూ ముడుచుకుని సందు ఏర్పడుతుంది, వేడెక్కగానే మూసుకుపోతుంది. అందుకే సాయంత్రం నిలబడిన ఒత్తిడి తెల్లవారుజామున నిలబడకపోవడం చూశాను. నేను ఇప్పుడు బండి రాత్రంతా నిలిపి ఉదయమే చూస్తాను.

బ్లాక్ టెస్టర్ సంగతికి వస్తే, దాని పరిధి చిన్నది, ఆ పరిధిలో మాత్రం దానికి సాటి లేదు. ఒక గొట్టంలో నీలి ద్రావణం పోసి రేడియేటర్ మూతి మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా పైన రబ్బరు బల్బు నొక్కుతూ లోపలి గాలిని ద్రావణం గుండా లాగాలి. ఆ గాలిలో సిలిండర్ నుంచి తప్పించుకొచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం పసుపవుతుంది. ముందు కూలెంట్ కొంచెం తీసి మట్టం తగ్గించాలి, లేకపోతే కూలెంట్ గొట్టంలోకి ఎక్కి ద్రావణం పాడవుతుంది. ద్రావణం పనిచేస్తోందా లేదా అనుమానం వస్తే సైలెన్సర్ దగ్గర ఒకసారి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆ పని చేశాక మళ్లీ మంచి గాలి పంపితే నీలానికి తిరిగొస్తుంది. డీజిల్ బళ్లలో ఐడిల్ మీద పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి రంగు అంత స్పష్టంగా మారదు.

బావమరిది కారు హైవే మీద ఎత్తు ఎక్కినప్పుడు మాత్రమే హీటెక్కేది. ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా బిగుసుకునేది. కూలెంట్ వేడెక్కకముందే అంత ఒత్తిడి వచ్చిందంటే అది వేడి వల్ల వచ్చింది కాదు. అయినా మొదటిసారి బ్లాక్ టెస్టర్ పెడితే నీలంగానే ఉండిపోయింది. నేను తొందరపడి గాస్కెట్ బాగుందని చెప్పేశాను. అది నా పొరపాటు. వారం తర్వాత ఎత్తు ఎక్కించి తీసుకొచ్చి, మూత తీసేంత చల్లారగానే మళ్లీ పెడితే అయిదు నిమిషాల్లో పసుపు. చిన్న సందు లోడ్ మీద మాత్రమే తెరుచుకుంటుందని అప్పుడు అర్థమైంది. హెడ్ దించాక రెండో సిలిండర్ పక్కన, నీటి దారి వైపు గాస్కెట్ కాలి ఉంది. పసుపు వస్తే నమ్మండి. నీలం ఒక్కసారి వచ్చిందని నమ్మకండి.

కూలెంట్ బాటిల్‌లో ఆయిల్ తేలితే కూడా వెంటనే గాస్కెట్ అనేస్తారు. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ ఒత్తిడి మామూలుగా కూలెంట్ ఒత్తిడి కన్నా ఎక్కువ. కాబట్టి ఆయిల్ కూలర్ లోపల రెండింటి మధ్య గోడ చిల్లుపడితే ఆయిలే కూలెంట్‌లోకి వెళ్తుంది. ఒక స్నేహితుడి బండిలో బాటిల్ నిండా గోధుమరంగు జిడ్డు, డిప్‌స్టిక్ మాత్రం అద్దంలా శుభ్రంగా ఉంది. ప్రెషర్ నిలబడింది, బ్లాక్ టెస్టర్ నీలం. ఆయిల్ కూలర్ విప్పించమన్నాను, దాని సీలే పోయింది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న చాలా కార్లలో గేర్ ఆయిల్ కూడా రేడియేటర్ లోపలే చల్లబడుతుంది, అక్కడ చిల్లుపడినా ఇలాంటి జిడ్డే కనిపిస్తుంది. లోపం సరిచేయడం కన్నా ఆ జిడ్డు కడగడమే పెద్ద పని. అతనికి అయిదుసార్లు ఫ్లష్ చేయాల్సి వచ్చింది, ఆయిల్‌కి ఉబ్బిన హోస్‌లు కూడా మార్చారు.

ఓబీడీ స్కానర్ మీద నేను పెట్టుకున్న ఆశలు ఎక్కువ. లీక్ పట్టుకోవడానికి అది దాదాపు పనికిరాదు, కూలెంట్ మట్టం ఎంత ఉందో దానికి తెలియదు. కానీ అసలు వేడి అంకెల్లో చూపిస్తుంది, అది చిన్న విషయం కాదు. నా డ్యాష్‌బోర్డ్ ముల్లు 78 డిగ్రీల నుంచి 107 దాకా మధ్యలోనే కదలకుండా ఉంటుంది. డ్రైవర్ కంగారు పడకూడదని చాలా కార్లలో అలా తయారుచేస్తారు. ముల్లు కదిలేసరికి ఆలస్యమైపోతుంది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) తెరుచుకునే ఉండిపోయిందని నాకు స్కానరే చెప్పింది. హైవే మీద 70 దాటేది కాదు, తర్వాత ఇంజిన్ కావలసినంత వేడెక్కడం లేదని చెప్పే పీ0128 కోడ్ కూడా వచ్చింది. ఒక హెచ్చరిక: కూలెంట్ బాగా తగ్గిపోయి సెన్సర్ గాల్లో తేలితే స్కానర్ కూడా తక్కువ వేడే చూపించవచ్చు. అంకె బాగుంది కదా అని నడిపితే ఇంజిన్ పోతుంది. హీటర్ ఆన్ చేస్తే చల్లటి గాలి వస్తోందంటే ముందు కూలెంట్ చూడండి.

ఆయిల్ తాగే సమస్యకి మాత్రం నాకు ఎక్కువ ఉపయోగపడింది నోటుబుక్కే. ప్రతి రెండో ఆదివారం, చదునైన నేల మీద, చల్లటి ఇంజిన్‌లో డిప్‌స్టిక్ చూసి కిలోమీటర్లతో సహా రాస్తాను. అయిదో ఏట 1000 కిలోమీటర్లకి 350 మి.లీ. తగ్గుతున్నట్టు తేలింది. ఇంజిన్ బోర్‌కి వచ్చిందని, అంటే సిలిండర్లు అరిగాయి, విప్పి బాగుచేయాలని ఒకరు చెప్పారు. రాత్రంతా నిలిపి స్టార్ట్ చేసినప్పుడు ఒక్క క్షణం నీలిపొగ వచ్చి ఆగితే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తే పిస్టన్ రింగుల మీద. నాకు రెండూ స్పష్టంగా లేవు. పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ సిలిండర్లలోకి పంపేది) తీసి ఊపితే గలగల చప్పుడు లేదు, జిగురుపట్టి ఇరుక్కుంది. కొత్తది వేశాక 1000 కిలోమీటర్లకి 100 మి.లీ. లోపే. బోర్‌కి ఇచ్చి ఉంటే ఆ ఖర్చంతా వృథా.

మట్టం పెరిగితే సంతోషించకండి. ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగిందంటే పెట్రోలో, డీజిలో, కూలెంటో అందులో కలుస్తోందని. డిప్‌స్టిక్ వాసన చూడండి. ఇక ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే బండి పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపండి, అది ఒత్తిడి లేదని చెప్పే దీపం.

యూవీ డై (ఆయిల్‌లో కలిపితే యూవీ టార్చ్ వెలుగులో మెరిసే రంగు) ఆయిల్ లీకులకి బాగా పనిచేసింది. వాల్వ్ కవర్ గాస్కెట్ నుంచి కారి ఎగ్జాస్ట్ మీద పడి కాలుతున్న వాసన ఎక్కడిదో అది పదిహేను నిమిషాల్లో చూపించింది. కూలెంట్ డై వేరు, ఆయిల్ డై వేరు, కలపకూడదు. పని అయ్యాక పాత డై తుడవకపోతే తర్వాతిసారి అదే మళ్లీ మెరిసి తికమక పెడుతుంది. థర్మామీటర్ రేడియేటర్‌లో మూసుకుపోయిన చోట్లు వెతకడానికి పరవాలేదు. మెరిసే అల్యూమినియం మీద తప్పు చూపిస్తుంది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి.

ఒక్కటే కొనగలిగితే ప్రెషర్ టెస్టర్ కొనండి, మీ బండి మూత మర చూసుకుని. రెండోది బ్లాక్ టెస్టర్, కానీ ద్రావణం సీసా మీద గడువు చూడండి, నాది రెండుసార్లు మార్చాను. తీసిన కూలెంట్ మూత ఉన్న డబ్బాలోనే ఉంచండి, గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, పిల్లలకీ కుక్కలకీ విషం. నా టెస్టర్ గేజ్ అద్దం పగిలింది, గొట్టం ఒకసారి మార్చాను, పంపు మాత్రం మొదటిదే. పోయిన నెల ఉదయం 1.1 బార్ దగ్గర పెట్టి వదిలేస్తే అరగంట తర్వాత కూడా ముల్లు అక్కడే ఉంది.