పొద్దువాలాక ఎవరుంటారు? నాన్నను ఉంచిన హోమ్ గురించి, రెండేళ్ళ తర్వాత

నాన్నను ఆ వృద్ధుల హోమ్‌లో చేర్చి రెండేళ్ళ నాలుగు నెలలైంది. చేర్చిన ఏడాది తిరక్కుండానే అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "కళ్ళు మూసుకుని చేర్చేయండి" అని చెప్పాను. మా పిన్ని నా మాట నమ్మి వాళ్ళ అత్తగారిని చేర్చే ఆలోచనలో ఉంది. ఆ మాట కొంచెం సరిచేసుకోవాల్సిన బాధ్యత నా మీద ఉంది.

గదులు ఎలా ఉన్నాయి, కూరలు ఎలా వండుతారు, ఫీజు ఎంత అన్నవి మీరు వెళ్తే అరగంటలో తెలిసిపోతాయి. నేను చెప్పేదంతా సాయంత్రాల గురించి. డిమెన్షియా, అంటే ముదిరే మతిమరుపు జబ్బు, ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి ఈ సంగతి తెలుసు. పగలంతా ఒక ఎత్తు, పొద్దుగూకాక ఒక ఎత్తు. పొద్దువాలాక ఇలా కంగారు పెరగడాన్ని డాక్టర్లు సన్‌డౌనింగ్ అంటారు.

నాన్నది అమలాపురం అవతల, కాలువ శివారు ఊరు. పైవాళ్ళ చేలన్నీ తడిశాక మిగిలితేనే మాకు నీళ్ళు. దాళ్వాలో, అంటే రెండో పంట వరికి, నీళ్ళకి వంతులు పెట్టారంటే మా వంతు ఒక్కోసారి అర్ధరాత్రి రెండింటికి వచ్చేది. ఆ వేళకి మనిషి గట్టు మీద లేకపోతే ఎగువన ఎవరో బోదెకి, అంటే చేలోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలవకి, అడ్డం వేసుకునేవారు. యాభై ఏళ్ళు అలా పార భుజాన వేసుకుని తిరిగిన మనిషి. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని తొలకరి పంటైన సార్వా ఊడ్పులు మానేసినప్పుడు కూడా, బీడుపడ్డ చేను చుట్టూ రోజూ ఒక తిరుగుడు తిరిగొచ్చేవారు. ఇప్పుడు ఆయనకి నా పేరు గుర్తులేదు. అమ్మ పోయిందని గుర్తులేదు. సాయంత్రం ఐదయ్యేసరికి మాత్రం పంచె ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి, "పార ఎక్కడ పెట్టావే? నీళ్ళు వదిలారు" అంటూ తలుపు దగ్గర నిలబడతారు. అడ్డుపడితే చెయ్యి చేసుకుంటారు. జీవితంలో ఎవరినీ కొట్టని మనిషి.

ఇంట్లో ఉంచుకుని ఏడాదిన్నర నెట్టుకొచ్చాను. ఒకరోజు రాత్రి ఒంటిగంటకి మా వీధి చివర కాలవలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చేతులతో బురద తీస్తూ దొరికారు. ఆ రాత్రి ఇక నా వల్ల కాదనుకున్నాను. నలుగురూ ఏమనుకుంటారో అని ఇంకో రెండు నెలలు ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

డాలస్‌లో ఉన్న తమ్ముడు ముందు హైదరాబాద్‌లో ఒక పెద్ద చోట చేర్పించాడు. అక్కడ అన్నీ ఉన్నాయి. ఫిజియోథెరపీ ఉంది, బొమ్మలు వేయించే గది ఉంది, తమ్ముడు తన ఫోన్‌లోనే నాన్నను చూసుకునే కెమెరాలున్నాయి. పనిచేసే పిల్లలు కూడా మంచివాళ్ళే, నేను తప్పు పట్టను. కానీ నాన్న సాయంత్రం "నీళ్ళు వదలాలిరా" అంటే బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళేవారు. "నీళ్ళు, నీళ్ళు" అని కేక పెడితే సీసా తెచ్చి ఇచ్చేవారు. బోదె అంటే ఏంటో, వంతు అంటే ఏంటో అక్కడ ఒక్కరికీ తెలియదు. ఐదు వారాల్లో ఆరు కిలోలు తగ్గారు. వెనక్కి తీసుకొచ్చేశాను.

ఇక్కడ వెతుక్కోవడం ఇంకో కథ. మన వైపు నర్సింగ్ హోమ్ ఎక్కడ అని అడిగితే ఆసుపత్రికి దారి చూపిస్తారు. హోమ్ అనో, వృద్ధాశ్రమం అనో అడగాలి. అలా అడిగి ఆరు చోట్లకి వెళ్తే నాలుగు చోట్ల "మతిమరుపు ముదిరినవాళ్ళని తీసుకోమండీ, రాత్రిళ్ళు గేటు దాటేస్తారు" అన్నారు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. మా ఒక్క ప్రాంతంలో ఎందరున్నారో గానీ, వాళ్ళకి తెరిచిన తలుపులు నాకు రెండే కనిపించాయి. వాటిలో కాలవ గట్టు పక్కన ఉన్నదాన్ని ఎంచుకున్నాను. చెప్పుకోదగ్గ కారణం ఏమీ లేదు. వరండాలో నిలబడితే కాలవ కనిపించింది, అంతే.

చేర్చింది ఆగస్టులో. పొద్దుటి నుంచీ ఒకటే వాన. నాన్నను వదిలి రాలేక సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఐదున్నరకి నాన్న లేచి తువ్వాలు చుట్టుకున్నారు. నా గుండె దడదడలాడింది. అప్పుడే రాత్రి డ్యూటీకి ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి, అంతకుముందు కూలి పనులకి వెళ్ళేవాడట. నాన్నను ఆపలేదు. పక్కనే నడుస్తూ వరండా చివరిదాకా వెళ్ళి, కాలవ వైపు చూసి, "ఆయ్, మురుగుకాలవ నీళ్ళు లాగేసిందండీ. చేను నీళ్ళలోంచి తేలింది. నేనిప్పుడే చూసొచ్చానండి" అన్నాడు.

నాన్న ఆగిపోయారు. "తూము తీశారా?"

"కాలవ లస్కరు తీశాడండి. మీరు వస్తారని ముందే తీసేశాడు."

"గట్టు తెగలేదు కదా?"

"లేదండీ. ఈ మజ్జిగ తాగండి, పొద్దున్నే ఇద్దరం వెళ్దాం."

నాన్న ఆ గ్లాసు పట్టుకుని కూర్చుని మొత్తం తాగారు. ఏడాదిన్నర నేను "పొలం లేదు నాన్నా, కౌలుకి ఇచ్చేశాం, ఇప్పుడు రాత్రి నాన్నా" అని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాను. ఆయనకి కావలసింది చేను బాగుందన్న కబురు. ఇంటికి వెళ్తూ బస్సులో ఏడ్చాను. అది ఏ రకం ఏడుపో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత తెలిసింది, ఆ రాత్రి డ్యూటీ ఆయన రోజూ ఒకే అబద్ధం చెప్పడు. ఏ నెలకి ఆ మాటే. జూన్‌లో కాలవలు వదిలాక "ఆకుమడి తడిసిందండి" అంటాడు. ఫిబ్రవరి, మార్చిల్లో "మన వంతు తెల్లవారుజామునండి, నేను లేపుతాను" అంటాడు. ఏప్రిల్ దాటి కాలవలు కట్టేశాక "కట్టేశారండీ, జూన్ దాకా పడుకోవడమే" అంటాడు. వరండాలోంచి కాలవ కనిపిస్తుంది కాబట్టి నాన్న సరిచూసుకుంటారు కూడా. పొద్దున ఏం తిన్నారో తెలియని మనిషికి, ఎండిపోయిన కాలవ చూసి వంతు ఉందో లేదో తెలుస్తుంది. నాన్న పాత టార్చిలైటు ఒకటి ఇంటి నుంచి తెమ్మన్నాడు. ఎవరెడీ, స్టీలుది, మూడు బ్యాటరీలది. అది చేతిలో ఉంటే నాన్న పడుకుంటారు. దుప్పటి కింద బొటనవేలు స్విచ్చి మీద పెట్టుకుని నిద్రపోతారు.

ఇదంతా చూశాకే "కళ్ళు మూసుకుని చేర్చేయండి" అన్నాను.

మొన్న మే నెలలో ఆ రాత్రి డ్యూటీ ఆయన తన కూతురి పెళ్ళికి పద్దెనిమిది రోజులు సెలవు పెట్టాడు. పెట్టాలి కదా. సెలవు ముందే చెప్పాడు, హోమ్ వాళ్ళు ఒక కుర్రాణ్ణి పెట్టారు. నేను రెండో రోజు వెళ్తే బాగానే ఉన్నట్టు అనిపించింది. తర్వాత మా పాపకి జ్వరం వచ్చి వారం రోజులు వెళ్ళలేకపోయాను. ఫోన్ చేస్తే "బాగున్నారండీ" అనేవారు.

తొమ్మిదో రోజు వెళ్ళాను. నాన్న మంచం మీద నోరు తెరుచుకుని పడుకుని ఉన్నారు, మధ్యాహ్నం మూడింటికి. చొంగ కారి దిండు తడిసింది. పిలిస్తే కళ్ళు తెరవడానికే కష్టపడ్డారు. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. టార్చి కనిపించలేదు. వెతికితే బీరువాలో బట్టల కింద ఉంది, బ్యాటరీలు తీసేసి. "విసిరేస్తున్నారండీ, అందుకని దాచాం" అన్నారు. నాలుగు రోజుల నుంచి రాత్రంతా కేకలు, ఎవరినీ గుర్తుపట్టడం లేదు, జబ్బు ముదిరిందండీ, వాళ్ళ డాక్టరుగారు ఫోన్‌లో ఒక మాత్ర చెప్పారండీ, అది వేస్తున్నాం అన్నారు. నాకు చెప్పలేదేం అని అడిగితే "మీరు కంగారు పడతారని" అన్నారు.

కాకినాడ తీసుకెళ్ళాను. డాక్టరుగారు నాన్నను చూసి ముందు నన్ను అడిగిన ప్రశ్న ఇదే: "ఎన్నాళ్ళ నుంచి ఇలా?" నాలుగైదు రోజులన్నాను. "డిమెన్షియా నెలల్లో పెరుగుతుందమ్మా. రోజుల్లో మనిషి మారిపోతే వేరే కారణం వెతకాలి" అన్నారు. యూరిన్ పరీక్షలో ఇన్‌ఫెక్షన్ బయటపడింది. మే ఎండల్లో సరిగ్గా నీళ్ళు తాగలేదు, ఒళ్ళు ఎండిపోయింది. పెద్దవాళ్ళలో, అందులోనూ డిమెన్షియా ఉన్నవాళ్ళలో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే ఒక్కోసారి జ్వరం కూడా ఉండదట. మతి చలించినట్టు ప్రవర్తిస్తారట, దాన్ని డెలీరియం అంటారట. హోమ్ వాళ్ళు వేసింది యాంటీసైకోటిక్ మాత్ర, భ్రమలు, ఉద్రేకం తగ్గించడానికి వాడేది. డిమెన్షియా ఉన్న వృద్ధులకి అలాంటి మందులతో చనిపోయే ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరిక పెట్టించిందని, తప్పనిసరైతే తక్కువ మోతాదులో కొన్నాళ్ళు వాడతారని, అదైనా ఇంట్లోవాళ్ళకి చెప్పే వాడాలని డాక్టరుగారు చెప్పారు. ఆ మాత్ర ఆపేసి, సెలైన్ పెట్టి, ఏడు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు.

ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటే అప్పుడు తట్టింది నాకు. సాయంత్రం ఆ మజ్జిగ గ్లాసు నాన్న ఇష్టంగా తాగే ఒకే ఒక్క గ్లాసు. పొలం కబురు వినకుండా ఆయన ఏదీ తాగరు. కొత్త కుర్రాడు "వంతు రేపండీ" అన్నాడట, ఎవరో చెప్పింది విని. మే నెలలో, కాలవ ఎండిపోయి కళ్ళెదురుగా ఉండగా. నాన్న నమ్మలేదు. గ్లాసు తోసేశారు. పిల్లవాడి తప్పు లేదు, వాడికి ఎవరూ చెప్పలేదు.

కోపం వచ్చింది. 14567, పెద్దవాళ్ళ కోసం ఉన్న హెల్ప్‌లైన్, ఫోన్‌లో నొక్కి మళ్ళీ ఆపాను. మర్నాడు యజమానితో కూర్చుని మాట్లాడాను. కొత్త మాత్ర ఏదైనా నాకు ఫోన్ చేశాకే వేస్తామని కాగితం మీద రాసిచ్చారు. ఇప్పటిదాకా ఆ మాట నిలబెట్టుకున్నారు. రోజుకి ఎన్ని గ్లాసులు తాగించారో గీతలు పెట్టే అట్ట ఒకటి మంచం దగ్గర కట్టాం. వారంలో రెండు మూడు రోజులు ఆ గీతలు అన్నీ ఒకే పెన్నుతో, ఒకేసారి పెట్టినట్టు ఉంటాయి. అడుగుతూనే ఉన్నాను.

నాన్న పది రోజుల్లో తేరుకున్నారు. పూర్తిగా కాదు. అంతకుముందు వరండా చివరిదాకా ఒక్కరే నడిచేవారు, ఇప్పుడు చెయ్యి పట్టుకోవాలి. ఆ నడక తిరిగి రాలేదు. ఈ ఒక్క విషయంలో ఆ హోమ్‌ని నేను క్షమించలేదు.

అయినా అక్కడే ఉంచాను. ఎందుకంటే మా బడి అయ్యాక బస్సెక్కితే ఇరవై ఐదు నిమిషాల్లో ఆ వరండాలో ఉంటాను. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఐదుకి అక్కడే నేను. అలా వెళ్ళగలిగేవాళ్ళకైతే ఈ చోటు మంచిదనే చెప్తాను. మా తమ్ముడిలా దూరంగా ఉండి, ఫోన్ మీద ఆధారపడాల్సినవాళ్ళకి నేనిప్పుడు ఆ మాట ధైర్యంగా చెప్పలేను. పిన్నికి కూడా అదే చెప్పాను. మీ అత్తగారు రాత్రిళ్ళు ఏమడుగుతారో, ఆ మాట అక్కడ ఎవరికి అర్థమవుతుందో, ఆ ఒక్కరూ సెలవు పెడితే ఎవరున్నారో సాయంత్రం చెప్పకుండా వెళ్ళి చూడమన్నాను. ఉదయం పదకొండింటికి వెళ్తే ఏ హోమైనా ప్రశాంతంగానే ఉంటుంది. నేను రెండు చోట్లకీ ఉదయమే వెళ్ళాను. మజ్జిగ ఇచ్చే ఆయన అక్కడ ఉండటం మా అదృష్టం, నా తెలివి కాదు. నేను మెచ్చుకున్నది ఆ హోమ్‌ని అనుకున్నాను, మెచ్చుకున్నదంతా ఆయన్ని.

పెళ్ళి నుంచి తిరిగొచ్చి ఆయన చాలా బాధపడ్డాడు. ఇద్దరం కూర్చుని ఒక నోట్‌బుక్ రాశాం. నెలకో పేజీ. నాన్న ఏమడుగుతారు, ఏం చెప్పాలి, చెప్పాక ఏం తాగించాలి. డ్యూటీ గది గోడకి తాడుతో కట్టాం. కొత్త కుర్రాడు కూడా దాన్ని చూసే మాట్లాడుతున్నాడు, ఎక్కువ రోజులు పని చేస్తోంది.

నవంబరు పేజీ మాత్రం తప్పు రాశాం. "కోతలైపోయాయండి, ఇక నీళ్ళ పని లేదు" అని రాస్తే నాన్న ఇంకా ఎక్కువ కంగారు పడ్డారు, కోసి పరిచిన వరి పనలు చేలో తడుస్తున్నాయని లేచిపోయారు. 1996 నవంబరు తుపాను మా వైపు వాళ్ళెవరూ మరిచిపోలేదు. ఆ పేజీ కొట్టేసి, "కుప్ప వేసేశామండీ, పైన పరదా కప్పి తాళ్ళు బిగించాం" అని రాయమన్నాడు ఆయన. నిన్న సాయంత్రం రాసి వచ్చాను.