ఆర్కిటెక్ట్స్: మరణానికి ముందు ఒక ఆల్బమ్, తర్వాత మరొకటి

ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌కు చెందిన మెటల్‌కోర్ (హెవీ మెటల్, హార్డ్‌కోర్ పంక్ కలిసిన సంగీతం) బృందం ఆర్కిటెక్ట్స్ 2016 మే నెలలో 'ఆల్ అవర్ గాడ్స్ హ్యావ్ అబాండన్డ్ అస్'ను, 2018 నవంబరులో 'హోలీ హెల్'ను విడుదల చేసింది. ఈ రెండింటి నడుమ, 2016 ఆగస్టు 20న, బృందపు ప్రధాన రచయిత, గిటారిస్టు టామ్ సర్ల్ 28 ఏళ్ల వయసులో చర్మ క్యాన్సర్‌తో మరణించాడు.

మొదటి ఆల్బమ్‌ను ఫ్రెడ్రిక్ నార్డ్‌స్ట్రామ్, హెన్రిక్ ఉద్ నిర్మించారు. మూడేళ్లుగా జబ్బుతో ఉన్నానన్న సంగతి టామ్ బయటి ప్రపంచానికి చెప్పకపోవడంతో, విడుదల సమయంలో ఆగ్రహంగా, లోకంపై నిరసనగా వినిపించిన సాహిత్యం ఆయన మరణం తర్వాత శ్రోతలకు వీడ్కోలుగా అర్థమైంది. చివరి పాట 'మెమెంటో మోరి'ని (లాటిన్‌లో 'మరణం తప్పదని గుర్తుంచుకో') ఇప్పుడు మరో విధంగా వినడం నాకైతే సాధ్యం కాదు.

'హోలీ హెల్' నిర్మాణ బాధ్యతను టామ్ కవల సోదరుడు, డ్రమ్మర్ డాన్ సర్ల్, కొత్తగా చేరిన గిటారిస్టు జోష్ మిడిల్‌టన్ స్వీకరించారు. టామ్ ఆరంభించి వదిలిన, ఈ ఆల్బమ్‌లోని 'డూమ్స్‌డే' పాటను మిగిలినవారు పూర్తిచేసి 2017లోనే విడుదల చేశారు. ఈ ఆల్బమ్‌లో దుఃఖం దాపరికం లేకుండా పలుకుతుంది. గాయకుడు సామ్ కార్టర్ గొంతులో అరుపు కూడా విలాపమే. విమర్శకులు రెండింటినీ ఆదరించారు. రచనలోని బిగువు దృష్ట్యా నేను మొదటిదానికే పెద్దపీట వేస్తాను. ఆప్తులను పోగొట్టుకున్నవారికి మాత్రం రెండోదాన్నే ముందుగా వినమంటాను.