బ్యాటరీకేం కాలేదు, ఏడిపించిందంతా మిగతా బండే

చైనాలో తయారైన ఎలక్ట్రిక్ కారు కొంటున్నానంటే మా బావమరిది అడిగిన మొదటి మాట, "వారంటీ గేటు దాకానా, వీధి చివరి దాకానా?" అని. మూడేళ్ళయింది, మీటర్ మీద 61 వేల కిలోమీటర్లు దాటాయి, బండి ఇంకా నడుస్తోంది. అలాగని వాడి మాట పూర్తిగా తప్పని కూడా అనలేను. కంపెనీ పేరు మాత్రం రాయట్లేదు, రాస్తే కింద కామెంట్లలో కొట్లాటంతా ఆ పేరు మీదే అవుతుంది, అసలు విషయం ఎవరూ చదవరు.

ముందు బ్యాటరీ సంగతి, అందరి భయమూ దాని మీదే కదా. నా బండిలో ఉన్నది ఎల్ఎఫ్‌పీ రకం, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇందులో నికెల్, కోబాల్ట్ ఉండవు కాబట్టి చవక, వేడెక్కితే అంత తొందరగా అంటుకోదు, ఎక్కువసార్లు ఛార్జ్ చేసినా తట్టుకుంటుంది. కాకపోతే అంతే కరెంటు దాచుకోవడానికి బరువెక్కువ, చలిలో ఛార్జింగ్ నత్తనడక. చైనా వాళ్ళు నిజంగా ఆరితేరింది ఇక్కడే. సీఏటీఎల్ 2011లో పుట్టి ప్రపంచంలోకెల్లా పెద్ద కారు బ్యాటరీల కంపెనీ అయింది. బీవైడీ అయితే 1995లో బ్యాటరీలతోనే మొదలైంది, కార్లలోకి దిగింది 2003లో. అందుకే వాళ్ళ కార్లు చూస్తే బ్యాటరీ చేసేవాడు దాని చుట్టూ బండి కట్టినట్టు అనిపిస్తుంది. నా బండికి కాగితం మీద రేంజ్, అంటే ఒక్క ఫుల్ ఛార్జ్‌కి పోయే దూరం, 430 కిలోమీటర్లు, కొత్తలో నాకు నిజంగా వచ్చింది 340, ఇప్పుడు 325. మూడేళ్ళకి పోయింది ఆ పదిహేనే. చైనా లెక్కయిన సీఎల్‌టీసీ ప్రకారం రాసిన రేంజ్ చూసి మాత్రం మురిసిపోకండి, యూరప్ వాళ్ళ డబ్ల్యూఎల్‌టీపీ కంటే అది బాగా ఉదారంగా ఉంటుంది.

ఒక్కసారి మాత్రం బ్యాటరీ నన్ను హడలగొట్టింది. రాత్రిపూట ఇంటికొస్తుంటే 14 శాతం చూపిస్తోంది, నాలుగైదు కిలోమీటర్లు పోయానో లేదో 6కి పడింది. ఏసీ ఆపేసి, లారీ వెనకాల నక్కి, ఎలాగో ఇల్లు చేరాను. తప్పు నాదేనని తర్వాత తెలిసింది. ఫోన్లకి చెప్పినట్టు 80 శాతం దగ్గరే ఆపేస్తూ వచ్చాను, ఎల్ఎఫ్‌పీకి అది పనికిరాదు. ఈ బ్యాటరీలో ఛార్జ్ చాలా మేర తగ్గినా వోల్టేజ్ దాదాపు ఒకేలా ఉంటుంది, కాబట్టి ఎంత మిగిలిందో బండికే సరిగా తెలియదు, అప్పుడప్పుడు 100 దాకా నింపితేనే లెక్క సరిచూసుకుంటుంది. అప్పటినుంచి వారానికోసారి ఫుల్ చేస్తున్నాను, మళ్ళీ ఆ గోల లేదు. ఇది షోరూమ్‌లో ఒక్కడూ చెప్పలేదు, మాన్యువల్‌లో ఎక్కడో మూల రాసుంది.

ఇక అసలు ఏడుపు. రెండో ఏడాది ఒక పొద్దున బండి దగ్గరికెళ్తే తలుపులోపలికి ముడుచుకుని ఉండే డోర్ హ్యాండిల్స్ బయటికి రాలేదు. కీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పెద్ద బ్యాటరీలో 70 శాతం ఛార్జ్ ఉంది, చచ్చింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ, పాత పెట్రోలు బండ్లలో ఉండేదే. అది పోతే తాళాలు, స్క్రీను, ఆఖరికి పెద్ద బ్యాటరీని కలిపే రిలే స్విచ్చి కూడా పనిచేయదు. కీ లోపల దాచిన ఇనుప తాళంచెవి పీకి, హ్యాండిల్ పక్కన ప్లాస్టిక్ మూత గోటితో ఊడదీసి, లోపలున్న తాళం తిప్పేసరికి గోరు విరిగింది. చైనా బండ్లకే ఇలా అనుకోకండి, ఎలక్ట్రిక్ కార్లు దారిలో ఆగిపోవడానికి ఎక్కువగా ఈ చిన్న బ్యాటరీయే కారణం. కానీ నా బండిలో ఆపి ఉంచినప్పుడు కూడా సాఫ్ట్‌వేర్ నిద్రపోకుండా కరెంటు తాగుతోందట, ఆ తర్వాత అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. కొన్న పద్నాలుగు నెలలకి!

స్పేర్ పార్టుల సంగతి అడిగితే నాకు బీపీ పెరుగుతుంది. పార్కింగ్‌లో ఎవరో వెనక బంపర్‌కి తగిలించి పోయారు, ఒక సెన్సార్ పగిలింది. అరచేతిలో పట్టే వస్తువు. అది రావడానికి 47 రోజులు. అన్నాళ్ళూ రివర్స్ గేర్ వేసినప్పుడల్లా ఎవరో తొక్కేస్తున్నట్టు బండి ఒకటే కేకలు. సర్వీస్ సెంటర్ కుర్రాడు పాపం మర్యాదస్తుడే, "రేపు వచ్చేస్తుంది సార్" అని రోజూ చెప్పేవాడు, ఆ రేపు ఏ రోజుదో వాడికీ తెలియదు.

మిగతావి క్లుప్తంగా. సీట్లు బాగున్నాయి, గుంతల్లో సస్పెన్షన్ కొంచెం ఊగుతుంది, మోటారుకి ఇంతవరకు చెయ్యి పెట్టే పని పడలేదు, బ్రేక్ ప్యాడ్లు కొత్తవాటిలా ఉన్నాయి. టైర్లు మాత్రం 38 వేలకే అరిగిపోయాయి, బండి బరువు అలాంటిది. రోడ్డు మీద గీత దాటితే మోగే లేన్ హెచ్చరిక ఆపాలంటే స్టార్ట్ చేసిన ప్రతిసారీ స్క్రీన్ మీద నాలుగుసార్లు నొక్కాలి, ఈ ఐడియా ఎవరిదో కానీ వాడు కారు నడపడనుకుంటా.

చైనాలో తయారైతే చెత్త అనేవాళ్ళకి ఒక మాట. టెస్లా షాంఘై ఫ్యాక్టరీ నుంచి యూరప్‌కి కార్లు వెళ్ళాయి, బీఎండబ్ల్యూ ఐఎక్స్3 షెన్యాంగ్‌లో తయారై ఎగుమతయింది, వోల్వోని చైనా కంపెనీ గీలీ కొన్నది 2010లో. 2005లో ల్యాండ్‌విండ్, 2007లో బ్రిలియన్స్ అనే చైనా కార్లు జర్మనీలో క్రాష్ టెస్టుల్లో పరువు పోగొట్టుకున్న మాట నిజం. 2022కి వచ్చేసరికి బీవైడీ అట్టో 3, ఎంజీ4 రెండింటికీ యూరప్‌లో క్రాష్ టెస్టులు చేసే యూరో ఎన్‌క్యాప్ అయిదు స్టార్లు ఇచ్చింది. మా బావమరిది బుర్రలో ఇంకా 2007 నడుస్తోంది, అంతే.

నేను భయపడేది వేరేదానికి, కంపెనీ ఉంటుందా మూసేస్తుందా అని. చైనాలో ధరల యుద్ధం ఎంత ఘోరమంటే ఆరునెలల క్రితం కొన్నవాడు కొత్త ధర చూసి నెత్తి కొట్టుకోవాలి, పాత బండి అమ్మబోతే బేరం కూడా అక్కడినుంచే మొదలవుతుంది. వెయ్‌మా అనే డబ్ల్యూఎం మోటార్ కంపెనీ 2023లో దివాలాకి వెళ్ళింది, కొన్నవాళ్ళకి యాప్‌లు పనిచేయక నానా తిప్పలు పడ్డారు. హైఫై కార్లు చేసే కంపెనీ 2024 ఫిబ్రవరిలో ఉత్పత్తి ఆపేసింది. ఎనిమిదేళ్ళ వారంటీ ఇచ్చినవాడు ఎనిమిదేళ్ళూ ఉండాలి కదా. చవక ధర కూడా అన్నిచోట్లా నిలవదు. యూరప్ వాళ్ళు 2024 అక్టోబరులో చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద మామూలు 10 శాతానికి తోడు బీవైడీకి 17 శాతం, ఎంజీ యజమాని ఎస్ఏఐసీకి 35.3 శాతం సుంకం వేశారు.

నా మటుకు నేను పెట్టిన డబ్బుకి ఇది మంచి బండే, రోజూ ఆఫీసుకీ ఇంటికీ తిరిగేవాళ్ళకైతే నిక్షేపం. మళ్ళీ కొంటానా అంటే కొంటాను, పెద్ద కంపెనీదైతేనే. టెస్ట్ డ్రైవ్ కంటే ముందు ఒక పని చేస్తాను. ఆ మోడల్ ఇప్పటికే నా దగ్గర ఉన్నట్టు సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, ఎడమ హెడ్‌లైట్ పగిలింది, ఎన్నాళ్ళలో వస్తుందని అడుగుతాను. తేదీ చెబితే షోరూమ్‌కి వెళ్తాను. "రేపు వచ్చేస్తుంది సార్" అంటే ఫోన్ పెట్టేస్తాను.