అట్లాంటా కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్: ఒక డ్రిల్లు మాస్టారి రివ్యూ

పిల్లల దగ్గరికని అట్లాంటా వచ్చే మన అమ్మానాన్నలందరిదీ ఒకటే రూటు. కోకకోలా మ్యూజియం, అక్వేరియం, సెంటెనియల్ ఒలింపిక్ పార్కులో ఫౌంటెన్ దగ్గర ఫొటో, ఇంటికి. ఆ పార్కు పక్కనే మారియెట్టా స్ట్రీట్ మీద కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ స్థాయి మేటి ఆటగాళ్లకూ కోచ్‌లకూ చోటిచ్చే మ్యూజియం. 2014లో తెరిచారు. మనవాళ్లు దాని ముందు నుంచే నడిచి వెళ్లిపోతారు. ఆ ఆట మనకేం తెలుసులే అని. తెలియకపోయినా వెళ్లండి. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరైన నాకు మిగతా రెండిటికన్నా ఇదే నచ్చింది.

టికెట్లు మా అల్లుడు ముందే ఆన్‌లైన్‌లో తీశాడు. ఎంతో మాత్రం చెప్పలేదు. చెబితే అక్కడే నిలబడి రూపాయల్లోకి మారుస్తానని భయం.

లోపల అడుగు పెట్టగానే హెల్మెట్ల గోడ. మూడంతస్తుల ఎత్తున 760కి పైగా హెల్మెట్లు, కాలేజీకి ఒకటి చొప్పున. మెడలో వేసుకునే పాస్ ఒకటి ఇస్తారు. మీ కాలేజీ ఏదో చెబితే గోడ మీద ఆ హెల్మెట్ వెలుగుతుంది. తర్వాత తెరల దగ్గరికి వెళ్తే పాస్ గుర్తుపట్టి ఆ కాలేజీ సంగతులే చూపిస్తుంది. మా మనవడు తనకు జార్జియా టెక్ పెట్టుకున్నాడు. "తాతయ్యా, నీకు ఫ్లోరిడా" అని నాది కూడా వాడే తేల్చేశాడు. తెలిసి చేశాడో లేదో గానీ ఆ జత భలే కుదిరింది. ఎందుకో తర్వాత చెబుతాను.

కింద బిల్డింగ్ లోపలే 45 గజాల మైదానం ఉంది. గోల్ స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నొచ్చు. పెద్ద పెద్ద కుర్రాళ్లు ఊపుగా పరుగెత్తుకొచ్చి పక్కకు తన్నేస్తున్నారు. చూడ్డానికి తేలికే. తన్నితేగానీ తెలీదు. 1966లో ఆబర్న్ యూనివర్సిటీ మీద మ్యాచ్ 27-27 దగ్గర ఆగి, చివరి నిమిషాలు నడుస్తుంటే, ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ స్పరియర్ మామూలుగా తన్నే ఆటగాణ్ణి పక్కన ఉంచి తనే 40 గజాల నుంచి తన్ని గెలిపించాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, తన్నడం అతని పని కాదు. ఆ ఏడు దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనికే వచ్చింది. దాన్ని యూనివర్సిటీకి ఇచ్చేస్తే, విద్యార్థులే డబ్బులు వేసుకుని అతనికి ఇంకొకటి చేయించారు. ఆటగాడికొకటి, కాలేజీకొకటి ఇచ్చే పద్ధతి అప్పటి నుంచే మొదలైంది.

అసలు సరుకు పై అంతస్తులో ఉంది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినవాళ్లను తెర మీద పేరు వెతికి చూసుకోవచ్చు. జనం కింద ఆటల దగ్గరే ఉండిపోతారు కాబట్టి పైన తీరిగ్గా నిలబడొచ్చు. ఇంతమందిలో ఆటగాడిగా ఒకసారి, కోచ్‌గా ఇంకోసారి, రెండు విధాలా చోటు దక్కించుకున్నవాళ్లు నలుగురే: ఎమోస్ అలొంజో స్టాగ్, బాబీ డాడ్, బౌడెన్ వయట్, స్పరియర్. ఆ నాలుగు పేర్లు రాసుకుని వెళ్లండి.

నలుగురే ఎందుకని నన్నడిగితే, బాగా ఆడేవాడికి ఆట ఎలా వచ్చిందో వాడికే తెలీదు. మా స్కూల్లో జిల్లా స్థాయి కబడ్డీ ఆడిన కుర్రాణ్ణి చిన్నపిల్లలకు నేర్పరా అంటే "ఇలా పట్టుకోవడమే సార్" అనేవాడు. అంతకుమించి మాట వచ్చేది కాదు. స్పరియర్‌కీ దారి నున్నగా లేదు. ప్రొఫెషనల్ ఆటలో పేరు రాలేదు. 1976లో టాంపా బే టీమ్ 14 మ్యాచ్‌లూ ఓడిపోతే, ఆ టీమ్‌కు క్వార్టర్‌బ్యాక్ ఇతనే. తర్వాత అసిస్టెంట్ కోచ్‌గా అక్కడా ఇక్కడా తిరిగి, 1987లో డ్యూక్ యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యాడు. 1990లో తన ఫ్లోరిడాకే వచ్చాడు. పన్నెండు సీజన్లలో 122 గెలుపులు, 27 ఓటములు, ఒక డ్రా. 1996 సీజన్‌లో జాతీయ ఛాంపియన్లు. అదే ఏడు అతని శిష్యుడు డానీ వర్ఫెల్‌కు హైస్‌మన్ వచ్చింది. హైస్‌మన్ గెలిచినవాడు కోచ్‌గా ఇంకొకరిని హైస్‌మన్ దాకా తీసుకెళ్లడం అదే మొదలు. మళ్లీ ప్రొఫెషనల్ టీమ్ వాషింగ్టన్‌కు వెళ్తే రెండేళ్లలో 12 గెలుపులు, 20 ఓటములు. ఆ తర్వాత సౌత్ కరొలైనాలో మళ్లీ నిలదొక్కుకున్నాడు. అంటే అతని చెయ్యి తిరిగింది కాలేజీ పిల్లల దగ్గరే. 2017లో కోచ్‌గానూ ఈ హాల్‌లో చేర్చుకున్నారు.

నాకు ఇంకా దగ్గరైనవాడు బాబీ డాడ్. టెనెసీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, 1945 నుంచి 1966 దాకా ఇదే ఊళ్లో జార్జియా టెక్‌కు హెడ్ కోచ్. పిల్లల ఒళ్లు హూనమయ్యేలా ప్రాక్టీస్ చేయించేవాడు కాదు, క్లాసులు ఎగ్గొడితే ఊరుకునేవాడు కాదు. జార్జియా టెక్ ఆడే లీగ్‌లో మిగతా కాలేజీలు అవసరానికి మించి పిల్లల్ని తీసుకుని, పనికిరారనుకున్నవాళ్లను వదిలించుకునేవి. ఆయన దానికి ఒప్పుకోలేదు. 1964లో జార్జియా టెక్ ఆ లీగ్ నుంచి బయటికొచ్చేయడానికి పెద్ద కారణం అదే. టీమ్‌లో చోటు దొరక్క ఏడ్చిన పిల్లల్ని చూసినవాణ్ణి, ఇది చదివి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇప్పుడు ఆ జత సంగతి. 1967 జనవరి 2న, సీజన్ చివర జరిగే ఆరెంజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో ఫ్లోరిడా, జార్జియా టెక్ తలపడ్డాయి. స్పరియర్‌కు అది ఆఖరి కాలేజీ మ్యాచ్, డాడ్‌కు కోచ్‌గా ఆఖరిది. ఫ్లోరిడా 27-12తో గెలిచింది. నలుగురిలో ఇద్దరు ఒకే మైదానంలో, ఒకరు వెళ్లిపోతూ, ఇంకొకరు ఇంకా మొదలే పెట్టకుండా. ఈ మాట చెబితే మనవడు తన పాస్ చూసుకుని, "ఆ రోజు నేను ఓడిపోయానా తాతయ్యా?" అన్నాడు.

రెండు మూడు గంటలు చేతిలో ఉంచుకోండి. దగ్గర్లో ఏదో ప్రైవేట్ పార్కింగ్ లాట్‌లో కారు పెడితే యాప్ డబ్బులు తీసుకుని రసీదు ఇవ్వలేదు, మా అల్లుడికి అదో టెన్షన్. మార్టా రైల్లో వస్తే స్టేషన్ నుంచి నడిచే దూరమే. ఓపికుంటే అటే జార్జియా టెక్ క్యాంపస్‌కు వెళ్లి బాబీ డాడ్ పేరున్న స్టేడియం బయటి నుంచైనా చూడండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు భయపడక్కర్లేదు, లిఫ్టు ఉంది. పిల్లలతో వెళ్తే మాత్రం ముందు పై అంతస్తు చూసేయండి. మైదానంలోకి ఒకసారి దిగారంటే ఇక పైకి రారు.