చేవెళ్ల ఎండల్లో పాలీహౌస్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత ఒక సమీక్ష

చేవెళ్ల దగ్గర మా ఎర్రనేలలో, ఇనుప చట్రం మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి కట్టిన, సహజంగా గాలి ఆడే రకం పాలీహౌస్‌లో రంగు క్యాప్సికం, కీరదోస పంటలను చాలా ఏళ్లుగా మార్చి మార్చి పండిస్తున్నాను. వానాకాలంలోనూ చలికాలంలోనూ అది ఇచ్చే ఫలితానికి వంక పెట్టలేము. మార్చి నెలాఖరు నుంచి తొలకరి పడే దాకా మాత్రం ఆ కట్టడమే రైతుకు భారమవుతుంది.

దీనికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. రోమన్ చక్రవర్తి టైబీరియస్‌కు ఏడాది పొడవునా దోసజాతి కాయలు అందించడానికి తోటమాలులు చక్రాల మీద మడులు కట్టి, చలి రోజుల్లో వాటిని పారదర్శకమైన రాతి పలకల కింద ఉంచేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. లండన్ క్యూ తోటలో 1848లో పూర్తయిన తాటిచెట్ల అద్దాలమేడ కూడా ఉష్ణదేశపు మొక్కలను చలి నుంచి కాపాడటానికి కట్టినదే. అద్దం కొనే స్తోమత లేని చోట పాలిథిన్ వాడవచ్చని అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎమర్ట్ 1948లో చూపించాడు. మన పొలాల్లోని పాలీహౌస్‌లు ఆ దారిలో వచ్చినవే. వీటన్నిటి లక్ష్యం వేడిని నిలపడం. మనకు కావలసింది సరిగ్గా దానికి విరుద్ధం.

లోపల వేడెక్కడానికి ముఖ్య కారణం, వేడెక్కిన గాలి పైకి లేచి బయటికి పోయే దారి మూసుకుపోవడమేనని అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్. డబ్ల్యు. వుడ్ 1909లోనే ప్రయోగం చేసి వాదించాడు. కాబట్టి కొనేవారు మొదట అడగవలసింది పైపుల మందం గురించి కాదు, ఎత్తు గురించి, కప్పు కొసన గాలి పోయే ఖాళీ గురించి. ఆ ఖాళీ ఉన్నా మే నెల మధ్యాహ్నం మా పాలీహౌస్ లోపల బయటికంటే వేడిగానే ఉంటుంది. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే క్యాప్సికం పూత రాలుతుంది. నీటిని పొగమంచులా చిమ్మే ఫాగర్లు కొంత ఆదుకుంటాయి గానీ, బోరు అడుగంటే నెలల్లోనే అవి ఎక్కువ నీరు అడుగుతాయి. అందువల్ల వేసవిలో పంట పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇది నిజంగా రాణించేది వానల్లో. ఆరుబయట ఆకులు రోజుల తరబడి తడిసి తెగుళ్లు ముదిరే సమయంలో లోపలి మొక్క పొడిగా ఉంటుంది. డ్రిప్ ద్వారా ఇచ్చిన ఎరువు వానకు కొట్టుకుపోదు. కాయల మీద మచ్చ ఉండదు, అన్నీ దాదాపు ఒకే పరిమాణంలో వస్తాయి. తేనెటీగలు లోపలికి రాలేవు గనుక కీరదోసలో పరాగసంపర్కం లేకుండా కాసే రకాలనే ఎంచుకోవాలి.

పురుగులు రావన్న ప్రచారాన్ని నమ్మకండి. పక్కలకు కట్టే 40 మెష్ (అంగుళానికి 40 రంధ్రాల) వల పెద్ద పురుగులను ఆపుతుంది గానీ అతి చిన్నవైన తామరపురుగులు అందులోంచి దూరి వస్తాయి. అంతకన్నా సన్నని వల కడితే గాలి తగ్గి వేడి పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య పూర్తిగా సరిపడే వల నాకింతవరకు దొరకలేదు. పైగా ఆకుల రసం పీల్చే నల్లి, ఆరుబయటైతే వాన కడిగేసేది, లోపల కడిగేవారు లేక నిక్షేపంగా పెరుగుతుంది. బూడిద తెగులు కూడా అంతే.

అన్నిటికన్నా మొండి సమస్య నేలలో ఉంది. ఏటా అవే మడుల్లో దాదాపు అవే పంటలు వేయడం వల్ల వేరుబుడిపెల నులిపురుగులు పెరుగుతాయి; వాన పడదు గనుక ఎరువుల లవణాలు కిందికి దిగక మట్టిలోనే పేరుకుంటాయి. ఖాళీగా ఉంచిన వేసవిలో మడులను బాగా తడిపి, పలుచని పాలిథిన్ కప్పి ఎండకు ఉడకనివ్వడం, తర్వాత వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపిన పశువుల ఎరువు వేయడం మాకు పని చేస్తున్నాయి. వేసవి వేడి ఉపయోగపడేది ఈ ఒక్క పనికే.

ఖర్చు విషయానికొస్తే, తెలంగాణ ఏర్పడిన తొలి ఏళ్లలో ప్రభుత్వం 75 శాతం రాయితీ ఇవ్వడంతో మా ప్రాంతంలో చాలామంది ఉత్సాహంగా కట్టారు. ఇనుప చట్రం చాలాకాలం నిలుస్తుంది, 200 మైక్రాన్ల షీటు మాత్రం కొన్నేళ్లకే మసకబారి పెళుసవుతుంది. వేసవి గాలిదుమారానికి చట్రానికి పట్టి ఉంచే స్ప్రింగుల దగ్గర చిరగడం మొదలవుతుంది. షీటు మార్చే ఖర్చును ప్రతి పంట రాబడిలోంచి కొంత పక్కన పెట్టగలవారు, దగ్గరలో హైదరాబాద్ లాంటి మార్కెట్ ఉన్నవారు దీన్ని కట్టుకోవచ్చు. ఆకుకూరలు, నారు పెంచేవారికి తక్కువ పెట్టుబడితో వేసుకునే, నీడనిచ్చే వల అయిన షేడ్‌నెట్ చాలు.