ఒక్కోసారి స్టార్ట్ అవ్వని పికప్, దానికోసం కొన్న మల్టీమీటర్: ఏళ్లపాటు వాడాక

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల నుంచి జీడిగింజలు పలాస మిల్లులకు చేర్చే పాత డీజిల్ పికప్ నాది. దానికోసం కొన్న డిజిటల్ మల్టీమీటర్ (వోల్టులు, కరెంటు కొలిచే చేతి మీటర్) గురించి ఈ సమీక్ష. బజారులో దొరికే మధ్యరకం మీటరే, కాకపోతే మినిమం, మాక్సిమం రీడింగులు పట్టి ఉంచే బటన్ ఉంది. కొనేవాళ్లు ఆ బటన్ లేనిది మాత్రం తీసుకోవద్దు. ఎందుకో చెబుతాను.

అసలే స్టార్ట్ అవ్వని బండిని బాగుచేయడం తేలిక. షెడ్డుకు తీసుకెళ్లగానే బుద్ధిగా స్టార్ట్ అయ్యే బండితోనే చావు. మాది పొద్దున ఇంటి దగ్గర ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది. లోడు దించి మళ్లీ తాళం తిప్పితే టకటకటక, అంతే. కాసేపు ఆగి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్. టకటక వినగానే "బేటరీ పోనాది బాబూ" అనడం మా వైపు షెడ్లలో మామూలు. బ్యాటరీ మార్చాం. సెల్ఫ్ మోటర్ విప్పించి కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు కొత్తవి వేయించాం. ఇంత డబ్బు పెట్టాక కూడా పాతపట్నం దాటాక టీ కొట్టు దగ్గర నిండు లోడుతో మళ్లీ మొండికేసింది. లోడు బండిని తోయడానికి మనుషుల్ని పోగుచేయడం ఎంత టెన్షనో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

మీటర్ విలువ అక్కడే తెలిసింది. ఊరికే ఉన్న బ్యాటరీ మీద పెడితే 12.6 వోల్టులు చూపించింది. ఆ అంకె బ్యాటరీ నిండా ఛార్జ్ అయి ఉందని మాత్రమే చెబుతుంది, సెల్ఫ్‌ని తిప్పగలదో లేదో చెప్పదు. అందుకే తమ్ముణ్ని తాళం తిప్పి పట్టుకోమని, మినిమం బటన్ నొక్కి మళ్లీ చూశాను. బ్యాటరీలో సత్తా లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజ్ 9.6 కంటే కిందికి జారిపోవాలి. మా బండి టకటకలాడుతున్నంతసేపూ 12కి తగ్గలేదు. అంటే బ్యాటరీ దగ్గర శక్తి ఉంది, అది మోటర్‌కి చేరడం లేదు.

ఇక మిగిలింది దారిలో ఎక్కడ ఆగుతోందో వెతకడం. ఎర్ర వైరు వైపు, అంటే బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు వరకు, తాళం తిప్పి చూస్తే వోల్టేజ్ తేడా అర వోల్టు దాటకూడదు. అది బాగానే ఉంది. తర్వాత మీటర్ నల్ల ప్రోబ్ (వైరు చివరి మొన) బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద, ఎర్ర ప్రోబ్ రంగు లేని చోట ఇంజన్ బ్లాకు మీద పెట్టాం. మంచి బండిలో ఇక్కడ 0.2, మహా అయితే 0.3. మాక్సిమంలో 9 పైచిలుకు వచ్చింది. సెల్ఫ్‌కి అందాల్సిన వోల్టేజ్‌లో ముప్పాతిక వంతు ఎర్త్ దారిలోనే, అంటే కరెంటు ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారిలోనే, కరిగిపోతోందన్నమాట.

ఛాసిస్ నుంచి గేర్ బాక్సుకు వెళ్లే ఎర్త్ పట్టీ పైకి నిక్షేపంగా కనిపించింది. చివర బోల్టు పట్టే లగ్గు దగ్గర రబ్బరు తొడుగు కాస్త ఉబ్బి ఉంటే బ్లేడుతో చీల్చాను. లోపల పచ్చటి పొడి రాలింది. అల్లిక రాగి తీగల్లో చాలావరకు తెగిపోయి, మిగిలిన కొన్ని ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఇంజన్ ఆగేటప్పుడు వచ్చే కుదుపుకి ఆ తీగలు కలిస్తే స్టార్ట్, విడిపోతే టకటక. కొత్త పట్టీ వేసి, బోల్టు కింద తుప్పు, రంగు పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక వేజ్‌లైన్ రాశాం. రీడింగ్ 0.15కి దిగింది.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం, ఈ పరీక్షకు బండి మొరాయించేదాకా కాచుకోనక్కర్లేదు. పట్టీ మార్చకముందు చక్కగా స్టార్ట్ అయిన పూట కూడా అక్కడ 0.9 వచ్చేది. చెడ్డ జాయింటు మంచి రోజున కూడా దొరికిపోతుంది, సెల్ఫ్ తిప్పుతూ కొలిస్తే చాలు. అప్పటి నుంచి వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇవే మూడు కొలతలు తీస్తున్నాను. మా వీధిలో మరో పికప్ ఒక్క టక్ అని ఊరుకునేది, ఇంకేమీ తిరిగేది కాదు. సెల్ఫ్‌కి వోల్టేజ్ నిండుగా అందుతోందని మీటర్ చూపించింది. విప్పితే సోలనాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) లోపలి రాగి బిళ్లలు కాలి గుంటలు పడి ఉన్నాయి.

లోపాలూ ఉన్నాయి. మీటర్‌తో వచ్చిన వైర్లు నాసిరకం, ప్రోబ్ మొనలు తొందరగా వదులయ్యాయి. వేరేవి కొనుక్కోవాల్సి వచ్చింది. ఎర్రటి ఎండలో తెర కనపడదు. రీడింగ్ సెకనుకి రెండు మూడుసార్లే మారుతుంది కాబట్టి తాళాన్ని మూడు నాలుగు సెకన్లు పట్టుకోవాలి, లేకపోతే అసలు అంకె తప్పిపోతుంది. దాని సొంత 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే అంకెలు తప్పు చూపిస్తుంది. తెర మీద బ్యాటరీ గుర్తు వస్తే ఆ రోజు రీడింగులు నమ్మొద్దు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మీటర్ మీద 10 ఆంపియర్ల సాకెట్ ఉంది కదా అని దాన్ని సెల్ఫ్ దారిలో కలపకండి. డీజిల్ ఇంజన్ తిప్పే సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటు కొలవాలంటే తీగ చుట్టూ పట్టుకుని కొలిచే డీసీ క్లాంప్ మీటర్ విడిగా తీసుకోవాలి. ఏసీ మాత్రమే చూపించే క్లాంప్ తక్కువ ధరకు వస్తుంది గానీ డీసీతో నడిచే బండికి పనికిరాదు.